కాంటా చీటీ సాఫ్ట్‌వేర్: ఒక డిగ్రీ అప్రెంటిస్ ప్రాజెక్టు డైరీ

2024 జూలై, మొదటి వారం

బీఎస్సీ కంప్యూటర్స్ చివరి సంవత్సరం రెండు సెమిస్టర్లనూ నల్లగొండలో, గడియారం సెంటర్‌కు నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో అప్రెంటిస్‌గా పూర్తి చేయడానికి సోమవారం చేరాను. సోమవారం నుంచి శుక్రవారం వరకు కంపెనీలో పని, శనివారం కాలేజీలో తరగతులు. ఇక్కడ చేసిన పనికి డిగ్రీలో క్రెడిట్లు కలుస్తాయి. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం నేను ఈ కంపెనీలో ఉద్యోగిని కాను, శిక్షణ పొందుతున్న వ్యక్తిని. నెలకు 9,000 రూపాయల స్టైఫండ్‌లో సగం కేంద్ర ప్రభుత్వం భరిస్తుంది. కనగల్ మండలంలోని మా ఊరి నుంచి రోజూ ఆర్టీసీ బస్సులో వచ్చిపోవడానికి మహాలక్ష్మి పథకం కింద జీరో టికెట్ ఉండడం వల్ల ఆ డబ్బు దాదాపు మొత్తం ఇంటికే చేరుతుంది. ఆడపిల్లను రోజూ పట్నానికి పంపడం గురించి ఇంట్లో జరిగిన చర్చలో ఈ లెక్కకు ఎంత బలం ఉండిందో నాకు తెలుసు కాబట్టి దాన్ని ఇక్కడ రాసి పెడుతున్నాను.

నాకు అప్పగించిన పని మిర్యాలగూడ వైపు ఉన్న ఒక రైస్ మిల్లు కోసం వేబ్రిడ్జి (బండిని మొత్తంగా తూచే కాంటా) దగ్గర చీటీ రాసే సాఫ్ట్‌వేర్. వడ్ల ట్రాక్టరు లోడుతో కాంటా ఎక్కినప్పుడు ఒకసారి, వడ్లు దింపి ఖాళీగా వచ్చినప్పుడు ఇంకోసారి తూకం వేసి, మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే నికర బరువు వస్తుంది. దాన్ని ధరతో హెచ్చించాలి. ఇంతే కదా అనుకొని మొదటి రెండు రోజుల్లోనే ఒక నమూనా రాసి మా సీనియర్ అక్కకు చూపించాను. ఆమె దాన్ని పూర్తిగా చదివి, ఒక్క ప్రశ్న అడిగింది: "కాంటా దగ్గర ఎప్పుడన్న నిలబడ్డవా?" మా నాయనతో చిన్నప్పుడు వెళ్లాను, కానీ ట్రాక్టరు ట్రాలీ మీదే కూర్చున్నాను. కాంటా గదిలో కూర్చున్న వాళ్లు ఏం చేస్తారో ఎన్నడూ చూడలేదు.

జూలై, మూడో వారం

మిర్యాలగూడకు బస్సులో గంటకు పైగా పట్టింది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింది ఆయకట్టు కావడంతో ఆ చుట్టుపక్కల రైస్ మిల్లులు చాలా ఉన్నాయి. పంట లేని కాలం కాబట్టి మిల్లు గుమాస్తా, అరవై దాటిన పెద్దాయన, తీరికగా కూర్చోబెట్టి చెప్పాడు. ఆయన చెప్పిన వాటిలో ఒక్కటి కూడా నా నమూనాలో లేదు.

లోడు తూకం అప్పుడు డ్రైవరు ట్రాక్టరు మీద కూర్చొని ఉండి, ఖాళీ తూకం అప్పుడు దిగిపోతే, అతని బరువు అరవై డెబ్బై కిలోలు వడ్ల లెక్కలో కలుస్తుంది. అటుది ఇటైతే రైతుకు ఆ మేరకు నష్టం. కాబట్టి రెండుసార్లూ డ్రైవరు పైన ఉండాలి, లేదా రెండుసార్లూ కింద ఉండాలి. ఆ విషయం చీటీలో కనబడాలి. ట్రాలీలకు చాలాసార్లు నంబరు ప్లేటు ఉండదు. రద్దీలో ఒక ట్రాక్టరుకు ఇంకో ట్రాలీ తగిలిస్తే ఖాళీ బరువు మారిపోతుంది. బండి నంబరు అడిగితే రైతులు చివరి నాలుగు అంకెలే చెబుతారు. మా జిల్లా బండ్లలో పాతవి ఏపీ 24, తరువాతివి టీఎస్ 05, 2024 మార్చి తరువాత రిజిస్టరైనవి టీజీ 05 కాబట్టి, ఒకే వరుసలో నిలబడిన రెండు ట్రాక్టర్ల చివరి నాలుగు అంకెలు ఒకటే కావడం ఆశ్చర్యం కాదు. అలా జరిగి ఒకరి ఖాళీ తూకం ఇంకొకరి చీటీ మీద పడిన సంగతిని ఆయన ఇప్పటికీ గుర్తు పెట్టుకున్నాడు.

తిరుగు బస్సులో నోటుపుస్తకంలో పదకొండు అంశాలు రాసుకున్నాను. కాలేజీ అసైన్‌మెంట్లలో సమస్య ఎప్పుడూ పూర్తిగా తయారై మన చేతికి వస్తుంది. ఇక్కడ సమస్యను అడిగి తెచ్చుకోవడమే సగం పని అని ఆ రోజు అర్థమైంది.

ఆగస్టు

ఈ నెలంతా డేటాబేస్ నిర్మాణం మీద గడిచింది. కాంటా గదిలోని కంప్యూటర్‌లోనే పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ నడుస్తుంది. ఇంటర్నెట్ ఉన్నప్పుడు ఆ సమాచారం సర్వర్‌కు నకలవుతుంది. ప్రోగ్రాం పైథాన్ భాషలో రాస్తున్నాను.

డబ్బు లెక్కలో జరిగిన పొరపాటు వివరంగా రాసుకోదగినది. మొదట బరువును క్వింటాళ్లలో, దశాంశ సంఖ్యగా, అలాంటి సంఖ్యలను ఉజ్జాయింపుగా ఉంచే ఫ్లోట్ రకంలో దాచాను. ఫ్లోట్‌లో 0.1, 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుందని రెండో సంవత్సరంలో చదివాను, పరీక్షలో కూడా రాశాను, అయినా ఇక్కడ అదే రకాన్ని వాడాను. అక్క రివ్యూలో తిప్పి పంపిన తరువాత బరువును కిలోల్లో, డబ్బును పైసల్లో, రెండింటినీ పూర్ణసంఖ్యలుగా మార్చాను. అంతటితో అయిపోయిందనుకున్నాను గాని, మొత్తాన్ని రూపాయలకు సవరించే చోట ఇంకొకటి బయటపడింది. పరీక్ష కోసం 7,355 కిలోల వడ్లకు క్వింటాలు ధర 2,310 రూపాయలుగా ఇస్తే 1,69,900 రూపాయల 50 పైసలు రావాలి, వచ్చింది. దాన్ని రూపాయలకు సవరించమంటే ప్రోగ్రాం 1,69,900 అని చూపింది. గుమాస్తా లెక్క ప్రకారం అర్ధ రూపాయి పైకి పోవాలి, అంటే 1,69,901. పైథాన్‌లోని రౌండ్ ఫంక్షన్ సరిగ్గా సగం ఉన్నప్పుడు దగ్గరలోని సరిసంఖ్య వైపు మొగ్గుతుంది. అది దాని నియమమే, దోషం కాదు. ఒక రూపాయి తేడా చిన్నదే కావచ్చు, కాని రైతు ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి లెక్క చూసుకున్నప్పుడు ఆ ఒక్క రూపాయి తేడాతో మిగతా చీటీ మీద కూడా నమ్మకం పోతుంది. సవరణను స్వయంగా రాసి, దానికి ఇరవై రెండు పరీక్షలు (ప్రోగ్రాం సరిగా లెక్కిస్తోందో లేదో చూసే చిన్న కోడ్‌లు) రాశాను.

సెప్టెంబరు

పాత రైతుల పేర్ల జాబితాను కొత్త డేటాబేస్‌లోకి తేవాలి. ఆ ఫైళ్లు డీటీపీ వాళ్లు వాడే పాత అను ఫాంట్లలో ఉన్నాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగలిసిన వరుసలు తప్ప ఏమీ కనబడవు. వాటిని ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే కనబడే యూనికోడ్‌లోకి మార్చే పనిలో వత్తుల దగ్గర తప్పులు ఎక్కువగా వచ్చాయి. దాదాపు నాలుగు వందల పేర్లను ఇద్దరం కూర్చొని కంటితో సరిచూశాము. ఊరి పేర్లను టైపు చేయించకుండా జాబితాలోంచి ఎంచుకునేలా చేశాను, ఎందుకంటే మిర్యాలగూడ అని ఒకరు, మిర్యాలగూడెం అని ఇంకొకరు, నల్గొండ అని ఒకరు, నల్లగొండ అని ఇంకొకరు రాస్తే కంప్యూటర్‌కు అవి నాలుగు ఊర్లు.

అక్టోబరు, రెండో వారం

కాంటా ఇండికేటర్ (బరువును అంకెల్లో చూపే పెట్టె) నుంచి బరువు నేరుగా కంప్యూటర్‌లోకి వచ్చేలా సీరియల్ కేబుల్ కలిపాము. ఈ డైరీలో నేను అన్నిటికంటే జాగ్రత్తగా రాయవలసిన సంగతి ఇక్కడే జరిగింది.

ఇండికేటర్ సెకనుకు పలుసార్లు బరువును పంపుతూనే ఉంటుంది. ప్రతి పంపకం ఒక ఆరంభ గుర్తుతో మొదలై ఒక ముగింపు గుర్తుతో ఆగుతుంది. నా ప్రోగ్రాం ఆ గుర్తుల కోసం చూడకుండా, తెరిచిన క్షణంలో ఏ అంకెలు వస్తే వాటిని చదివింది. మూడో రోజు ఒక చీటీ మీద నికర బరువు మైనస్ 2,160 కిలోలు అని వచ్చింది. లోడు తూకం 12,450 కావలసింది, మొదటి అంకె అప్పటికే దాటిపోవడంతో 2,450గా నమోదైంది. ఖాళీ తూకం 4,610. మైనస్ బరువు చూసి అందరం గుర్తించగలిగాము. నికర బరువు సున్నా కంటే తక్కువైతే చీటీ ఇవ్వకూడదు అనే నియమం చేర్చి, సమస్య తీరిందని రాసి పంపాను.

అక్క దాన్ని ఒప్పుకోలేదు. "అంకె పోయేది లోడు తూకంలనేనా?" అని మాత్రమే అడిగి తన పనిలో పడింది. భోజనం వేళకు గాని నాకు తట్టలేదు. ఖాళీ తూకం 4,610 బదులు 610గా నమోదైతే నికర బరువు 7,840 కావలసింది 11,840 అవుతుంది. అది మైనస్ కాదు, నా నియమం దాన్ని పట్టుకోదు, చీటీ హాయిగా అచ్చయిపోతుంది. మిల్లుకు నాలుగు టన్నుల నష్టం. రెండు వైపుల నుంచి రాగలిగిన తప్పుకు ఒక వైపే కాపలా పెట్టి నిశ్చింతగా ఉన్నాను. అప్పుడు అసలు కారణం దగ్గరికి వెళ్లి, ఆరంభ గుర్తు నుంచి ముగింపు గుర్తు వరకు పూర్తిగా వచ్చిన వరుసనే తీసుకునేలా, అలాంటివి మూడు వరుసగా ఒకే బరువు చెబితేనే నమోదు చేసేలా తిరగరాశాను. అంతకుముందు వచ్చిన చీటీలన్నిటినీ గుమాస్తా చేతిరాత రిజిస్టర్‌తో పోల్చి చూశాము. ఆ ఒక్కటి తప్ప మిగతావి సరిపోయాయి. ఆ రిజిస్టరు లేకపోతే ఆ మాట చెప్పగలిగేవాళ్లం కాము.

అక్టోబరు చివర

మా ఊళ్లో కూడా కోతలు మొదలయ్యాయి. ఏఎమ్మార్పీ (ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) కాలువ కింద మాకున్న రెండెకరాల్లో సన్నాలు వేశాము. ప్రభుత్వ కొనుగోలు కేంద్రంలో ఏ గ్రేడుకు క్వింటాలుకు 2,320 రూపాయల మద్దతు ధర, దాని మీద ఈ వానాకాలం నుంచి సన్నాలకు 500 రూపాయల బోనస్ ఉంది. కాని తేమ 17 శాతానికి మించకూడదు, అందుకు వడ్లను రోజుల తరబడి ఆరబోయాలి, వాన వస్తే కవర్లు కప్పాలి. మిల్లుకు తోలితే హార్వెస్టర్ కోసిన పచ్చి వడ్లను అలాగే తీసుకుంటారు, ధర మాత్రం తేమను చూసి కడతారు. మా నాయన ఆరబోసి కేంద్రంలోనే అమ్మాలని నిశ్చయించాడు. ఈ చర్చ రాత్రి అన్నాల దగ్గర జరుగుతుంటే, నా ప్రోగ్రాంలో తేమ గడిని ఐచ్ఛికంగా వదిలేసిన సంగతి గుర్తొచ్చింది. ధర దేన్ని బట్టి నిర్ణయమవుతుందో ఆ అంకె చీటీ మీద లేకపోతే రైతు ఎవరినీ ఏమీ అడగలేడు. మరుసటి రోజు దాన్ని తప్పనిసరి చేసి, చీటీలో బరువు పక్కనే పెద్ద అక్షరాల్లో వచ్చేలా మార్చాను.

నవంబరు, మొదటి వారం

రాత్రింబవళ్లు ట్రాక్టర్లు వస్తున్నాయి. సర్వర్ నుంచి వచ్చే రోజువారీ మొత్తానికి, రిజిస్టరు మొత్తానికి కొన్ని రోజులు మాత్రమే తేడా వస్తోందని గుమాస్తా ఫోన్ చేశాడు. వెతికితే, సర్వర్ సమయాన్ని యూటీసీలో, అంటే అంతర్జాతీయ ప్రామాణిక కాలంలో, లెక్కించి తేదీ విడదీస్తోందని తేలింది. మన సమయం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది కాబట్టి, అర్ధరాత్రి నుంచి తెల్లవారుజామున ఐదున్నర వరకు వచ్చిన చీటీలన్నీ ముందు రోజు లెక్కలో పడుతున్నాయి. సరిచేసి, భారత కాలమానం ప్రకారం తేదీ విడదీసేలా మార్చి పంపాను.

ఆ మరుసటి రోజు నుంచి తేడా ఇంకా పెరిగింది! ఎందుకో ఎంత ఆలోచించినా అంతుబట్టక మళ్లీ మిర్యాలగూడ బస్సెక్కాను. గుమాస్తా రిజిస్టరు తెరిచి చూపిస్తే సంగతి అర్థమైంది. మిల్లుకు రోజు అంటే పొద్దున ఆరు నుంచి మరునాడు పొద్దున ఆరు వరకు. హమాలీల బ్యాచ్ మారేది అప్పుడే, వాళ్ల కూలి లెక్క కట్టేదీ అప్పుడే. రాత్రి రెండింటికి దిగిన వడ్లు ముందు రోజు లెక్కలోనే ఉండాలి. నా పాత తప్పు ఐదున్నరకు రోజును మార్చడం వల్ల మిల్లు పద్ధతికి అరగంట తేడాతో దగ్గరగా ఉండింది. ఐదున్నరకు, ఆరింటికి నడుమ ట్రాక్టరు వచ్చిన రోజుల్లో మాత్రమే తేడా బయటపడింది. నేను సరిచేసింది పుస్తకం ప్రకారం సరైనదే, మిల్లు ప్రకారం తప్పు. ఇప్పుడు రెండు వేర్వేరు గడులు ఉన్నాయి: రైతు చేతికిచ్చే చీటీ మీద గడియారం చెప్పే తేదీ, సమయం ఉంటాయి, మొత్తాల పట్టికలో మిల్లు రోజు ఉంటుంది. రెండింటికీ పేర్లు వేర్వేరుగా పెట్టాము.

నవంబరు, మూడో వారం

ఇంటర్నల్ పరీక్షలు ఈ వారమే పెట్టారు. కంపెనీలో కొనుగోళ్ల రద్దీ తగ్గని రోజులవి. అప్రెంటిస్‌షిప్ డిగ్రీలో భాగమని రాసిన కాలేజీయే, కంపెనీలో ఉన్న రోజులను నెలనెలా సంతకంతో పంపినా, హాజరు పట్టికలో గైర్హాజరుగా చూపించింది. నా తోటి అప్రెంటిస్‌లు నలుగురికీ ఇదే జరిగింది. అందరం కలిసి అర్జీ రాసి ఇచ్చాము. సరిచేయడానికి మూడు వారాలు పట్టింది. ఇది బాధ కలిగించింది, దాచుకోను. రెండు చోట్లా సగం మనిషిగా ఉండే విద్యార్థికి ఎవరి రిజిస్టరులోనైనా పూర్తిగా ఉండే హక్కు కావాలి.

డిసెంబరు

చీటీ నంబర్ల విషయంలో గుమాస్తా మరో ప్రశ్న వేశాడు. "బిడ్డా, 1,418 తర్వాత 1,420 ఉన్నది. నడుమల చీటీ ఏమైంది?" ఆయన గొంతులో అనుమానం నా మీద కాదు గాని, కాంటా గదిలో రాత్రి పని చేసే కుర్రవాడి మీద ఉంది. నంబరు లేని చీటీ అంటే లెక్కలోకి రాని లోడు అని ఆయన ముప్పై ఏళ్ల అనుభవం చెబుతుంది. ఆ కుర్రవాడు తల దించుకొని నిలబడ్డాడు.

అతని తప్పేమీ లేదు. నంబర్ల కోసం నేను వరుస నంబర్లు ఇచ్చే పోస్ట్‌గ్రెస్ సీక్వెన్స్‌ను వాడాను. ట్రాన్సాక్షన్ (పూర్తిగా జరగాలి, లేదా అసలు జరగకూడదు అనే నమోదు పని) మధ్యలో ఆగిపోయి వెనక్కి వెళ్లినా, సీక్వెన్స్ ఒకసారి ఇచ్చిన నంబరును తిరిగి తీసుకోదు. ప్రింటర్ కాగితం అయిపోయి నమోదు రద్దయినప్పుడు 1,419 అలా పోయింది. ప్రోగ్రాం చేసిన పనులన్నీ సమయంతో నమోదయ్యే లాగ్ తీసి, ఆ సమయంలో కాంటా మీద బండి నిలిచే ఉందని, నిమిషం తరువాత అదే బండికి 1,420 ఇచ్చారని గుమాస్తాకు చూపించాను. ఆయన ఆ కుర్రవాడిని పిలిచి టీ తాగించాడు. నేను చేసిన ఎంపిక వల్ల ఒక మనిషి గంటసేపు దొంగలా నిలబడవలసి వచ్చింది.

శనివారం తరగతిలో డీబీఎంఎస్ (డేటాబేస్ నిర్వహణ) చెప్పే మేడంను ఇదే అడిగాను. నంబరును వేరే పట్టికలో ఒక వరుసగా ఉంచి, ఆ వరుసకు తాళం వేసి, చీటీ నమోదుతో పాటు ఒకే ట్రాన్సాక్షన్‌లో పెంచాలని ఆమె బోర్డు మీద గీసి చూపించింది. నమోదు ఆగిపోతే నంబరు కూడా వెనక్కి వెళ్తుంది. ఒకరి తరువాత ఒకరు ఆగవలసి వస్తుంది కాబట్టి భారీ వ్యవస్థల్లో ఇది నెమ్మదిస్తుంది, కాని ఒక్క కాంటా ఉన్న చోట రెండు ట్రాక్టర్లు ఒకేసారి ఎక్కవు కాబట్టి ఇబ్బంది లేదు. డిగ్రీ చదువు కంపెనీల్లో పనికి రాదు అనేవాళ్లతో నేను ఏకీభవించను. ట్రాన్సాక్షన్ నమ్మదగినదిగా ఉండడానికి కావలసిన ఏసిడ్ లక్షణాలను నేను మొదట కంఠస్థం చేసింది ఆ తరగతిలోనే. అది కంఠస్థం కాకపోయి ఉంటే ఈ ప్రశ్న కూడా వేయగలిగేదాన్ని కాను.

2025 ఫిబ్రవరి

నెట్ పోయి వచ్చినప్పుడు ఒకే చీటీ సర్వర్‌కు రెండుసార్లు చేరే సమస్యను, ప్రతి చీటీకీ కాంటా గదిలోనే ఒక ప్రత్యేక గుర్తింపు సంఖ్య పుట్టించి, సర్వర్ రెండోసారి వచ్చిన దాన్ని గుర్తుపట్టేలా చేసి తీర్చాను. మిగతా నెల రిపోర్టు రాయడంతో, మౌఖిక పరీక్షకు సిద్ధం కావడంతో గడిచింది.

ఏప్రిల్, మూడో వారం

యాసంగి కోతలు. గుమాస్తా ఇప్పటికీ చేతిరాత రిజిస్టరును ఆపలేదు, ఆపమని నేనూ అడగలేదు. పది రోజులుగా రెండు లెక్కలూ కిలోతో సహా సరిపోతున్నాయి. నిన్న రాత్రి ఒక చీటీ దగ్గర తేడా వచ్చింది: సాఫ్ట్‌వేర్‌లో ఖాళీ తూకం 4,705, రిజిస్టరులో 4,640. ఈ కాంటా ఐదు కిలోల మెట్టుతో చూపిస్తుంది కాబట్టి అది యంత్రం ఊగిసలాట కాదు, 65 కిలోలు ఒక మనిషి బరువు.

కాంటా గదిలోనే కూర్చొని లాగ్ చూశాను. లోడు తూకం అప్పుడు డ్రైవరు కింద ఉన్నాడు. ఖాళీ తూకానికి బండిని ఎక్కించి, ఇంజను ఆపి, దిగబోతూ ఒక క్షణం కదలకుండా కూర్చున్నాడు. సెకనుకు ఐదు రీడింగులు వచ్చే చోట మూడు ఒకేలా రావడానికి సెకను కూడా పట్టదు. అక్టోబరులో నేను పెట్టిన నియమం ఆ సెకనులోనే తృప్తి చెంది బరువును పట్టేసింది. డ్రైవరు దిగాడన్న గడిలో మాత్రం కుర్రవాడు అలవాటుగా టిక్కు పెట్టాడు. గుమాస్తా కిటికీలోంచి అతను దిగే దాకా చూసి, ఆ తరువాత అంకె రాసుకున్నాడు. నష్టపోయింది రైతు, 65 కిలోలు. ఆ చీటీని రద్దు చేసి, కొత్తది రాసి, రైతుకు పొద్దున్నే ఫోన్ చేసి చెప్పారు.

రీడింగుల సంఖ్యను కాకుండా కాలాన్ని కొలవాలి. కనీసం ఐదు సెకన్లు బరువు మారకుండా ఉండాలి, ఇండికేటర్ పంపే స్థిరత్వ గుర్తు కూడా ఉండాలి, ఆ ఐదు సెకన్ల తరువాత బరువు తగ్గితే బండి కాంటా దిగేలోగా హెచ్చరిక రావాలి. నిన్న రాత్రి లాగ్‌లోని రీడింగులనే వరుసగా తీసుకొని ఒక పరీక్ష రాశాను. దానికి "దిగుతున్న డ్రైవరు" అని పేరు పెట్టి, ఇప్పటి ప్రోగ్రాం మీద నడిపించాను. అది విఫలమైంది, విఫలం కావాలి కూడా. ఆ పరీక్షను అలాగే ప్రోగ్రాం కోడ్‌తో పాటు కమిట్ చేసి (భద్రపరిచి), అక్కకు సందేశం పంపి, ఐదున్నర బస్సుకు నల్లగొండ బయలుదేరాను.